ఏడో మాట తరువాతి స్వరం

మా ఊరి మందిరంలో శుభ శుక్రవారం ఆరాధన మధ్యాహ్నం పన్నెండింటికి మొదలై మూడింటికి ముగుస్తుంది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒక్కొక్కరు ఒక్కో ప్రసంగం చేస్తారు. నడుమ కీర్తనలు పాడతాం. చుట్టుపక్కల సంఘాలన్నిటిలోనూ ఇంతే. మాకు మాత్రం చివర ఒకటి అదనంగా ఉంది. తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన ఆ ఏడో మాటను పాస్టరు గారు మరొక్కసారి చదవగానే అందరం తలలు వంచి కళ్ళు మూసుకుంటాం. హార్మోనియం మీద ఒకే ఒక్క స్వరం మొదలవుతుంది. వాయించే మనిషి తిత్తి కొట్టి పెట్టెను గాలితో నింపి, ఎడమ చేతిని దాని మీద నుంచి తీసేస్తాడు. కుడిచేతి వేలు మెట్టు మీదే ఉంటుంది. లోపల గాలి ఉన్నంతసేపు ఆ స్వరం పలుకుతుంది. తరువాత సన్నబడి, కొంచెం కిందికి జారి, ఆగిపోతుంది. ఆగాక కూడా ఎవరూ కళ్ళు తెరవరు. వేలు మెట్టును వదిలిన చిన్న చప్పుడు వినిపించాకే ఒక్కొక్కరూ లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇళ్ళకు వెళ్తారు.

ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో మా సంఘంలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ స్వరం మా మేనమామదే. ఆయన మా అమ్మకు అన్న. ప్రత్తిపాడు దారిలోని జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర పనిచేసేవాడు. ఆదివారం పొద్దున జుట్టులో ఇంకా దూది పోగులు ఉండగానే వచ్చి హార్మోనియం ముందు కూర్చునేవాడు. చిన్నప్పుడు నేను ఆయన పక్కనే చాప మీద కూర్చునేదాన్ని. శుభ శుక్రవారం ఆ స్వరం మొదలవగానే నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. ప్రభువుతో పాటు చివరిదాకా ఉండాలని నా పట్టుదల. ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. నేను గాలి పీల్చుకున్న చప్పుడు ఆయనకు వినిపించేది. ఆరాధన అయ్యాక బయట చెప్పుల దగ్గర నా నెత్తి మీద మొట్టి, "ఏమే, ఈసారి కూడా ఆయన్ని ఒంటరిగా వదిలేసి వచ్చేశావా?" అనేవాడు.

ఒక ఏడు పత్తి తీతలు ముగిసే రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. గుంటూరు ఆసుపత్రిలో ఉండగా మాట తిరిగి వచ్చింది, కాలు కొంత వచ్చింది, ఎడమ చెయ్యి రాలేదు. ఇంటికి తెచ్చాక కర్ర పట్టుకుని వాకిట్లో తిరగగలిగేవాడు. కుడిచెయ్యి మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఇంటి హార్మోనియం మీద వేళ్ళు పెట్టి, చప్పుడు లేకుండా, మెట్ల మీద కీర్తనలు వాయించుకునేవాడు. తిత్తి మూసే ఉండేది. మెట్లు టకటకమనే శబ్దం తప్ప ఏమీ రాదు. ఆ శబ్దం వినలేక మా అత్తయ్య ఒక రోజు పీట లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"నేను కొడతాలేవయ్యా గాలి. నువ్వు వాయించు."

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. రెండు చరణాలు కూడా దాటలేదు.

"ఏందే అది, పొయ్యి ఊదుతున్నావా? నిదానంగా."

"నిదానంగానే కొడుతున్నా. నీ పాటే పరిగెత్తుతుంది."

"నేను ఎత్తుకునేటప్పుడు గాలి లేదు. ఆగినప్పుడేమో బస్తాలకొద్దీ ఇస్తన్నావు."

"పెళ్ళయిన కాణ్ణించీ నీ మాటకి తగ్గట్టే నడిచా. ఇప్పుడు నీ గాలికి కూడా నేనే దొరికానా?"

అందరం నవ్వాం, ఆయన కూడా. కాసేపటికి నవ్వు ఆపి మెట్ల మీద నుంచి చెయ్యి తీసేశాడు. "నాకు బదులు ఇంకొకళ్ళు ఊపిరి తీసుకుంటే ఎట్టా అమ్మాయ్, నేను పాడేది?" అన్నాడు. తరువాత ఇంకొంచెం నెమ్మదిగా, "మామూలు పాటలకైతే ఆ కీబోర్డు పిల్లలున్నారు. నాకు వాటి బెంగ లేదు. గుడ్‌ఫ్రైడేకి ఆ ఒక్కటి..." అని ఊరుకున్నాడు.

ఆయన కోరుకున్నది ఆ ఒక్క స్వరమే. నేను చేసిన ప్రయత్నమంతా దానికోసమే.

నేను గుంటూరులో ఒక చిన్న గదిలో క్రైస్తవ పాటలకు ట్రాకులు చేస్తాను. సంఘాల వాళ్ళు, కొత్తగా పాటలు రాసుకునేవాళ్ళు వస్తారు. వేణువు కావాలంటారు, వయొలిన్లు కావాలంటారు. నా దగ్గర వేణువూ లేదు, వయొలినూ లేదు. అవన్నీ కంప్యూటర్లో ఉంటాయి. ఎవరో ఎక్కడో ఒక్కో స్వరాన్ని విడివిడిగా వాయించి రికార్డు చేసి పెట్టారు. నేను మెట్టు నొక్కగానే ఆ స్వరం పలుకుతుంది. నా ముందున్న కీబోర్డుకు సొంతంగా గొంతు లేదు. ఏ మెట్టు నొక్కానో, ఎంత గట్టిగా నొక్కానో అంకెల్లో కంప్యూటరుకు కబురు పంపడమే దాని పని. కాలితో తొక్కే పెడలూ అంతే, ఎంతవరకు తొక్కితే అంత అంకె పంపుతుంది. ఆ అంకెను ఏం చేయాలన్నది మన చేతిలో ఉంటుంది. గట్టిగా కొడితే పెద్దగా పలకమనవచ్చు, పలకవద్దనవచ్చు. పెడలు తొక్కితే స్వరం పెరగమనవచ్చు, వణకమనవచ్చు. చిన్న ప్రోగ్రాము రాసుకుంటే ఇంకా చాలా చెప్పవచ్చు. ఈ పని ఎన్నో ఏళ్ళుగా ఇతరుల పాటల కోసం చేస్తున్నాను. మావయ్య హార్మోనియాన్ని కూడా ఇలాగే కంప్యూటర్లోకి తెచ్చి, ఆయన ఎడమ చేతి పనిని కుడి కాలికి అప్పగించవచ్చు కదా అనిపించింది. ప్రార్థన చేసుకున్నాను. దేవుడు నాకు ఈ విద్య ఎందుకు ఇచ్చాడో ఆ రోజు తెలిసినట్టే ఉంది. మూడు పూటలు ఉపవాసం ఉండి మొదలుపెట్టాను.

మందిరం హార్మోనియాన్ని మందిరంలోనే రికార్డు చేయాలన్నాడు మావయ్య. "ఆ గోడల్లో పలికినట్టు ఇంకెక్కడా పలకదు" అన్నాడు. అయితే ఆ గోడల మధ్య నేలంతా అంతకుముందే మార్టూరు గ్రానైటు పరిచారు. చప్పట్లు కొడితే శబ్దం పది మూలలకు పోయి తిరిగి వచ్చేది. మావయ్య మిల్లుకు కబురు పంపితే పాతవాళ్ళు పత్తి కుక్కిన గోనె బోరాలు ఆటోలో వేసి పంపారు. వాటిని నేలంతా పరిచి, గోడలకు ఆనించి నిలబెట్టాం. మిరపకాయ కోతల కాలం, ఊరంతా చేలల్లోనూ కల్లాల్లోనూ ఉంది. పగటిపూట మందిరం చుట్టూ అంత నిశ్శబ్దం ఆ రోజుల్లోనే దొరుకుతుంది. కాకపోతే కల్లాల మీద నుంచి గాలి మళ్ళినప్పుడల్లా ఘాటు లోపలికి వచ్చి ముగ్గురం దగ్గేవాళ్ళం. గాలి కొట్టేది అత్తయ్య, మెట్టు నొక్కేది మావయ్య, రికార్డు చేసేది నేను. స్వరం సగంలో ఉండగా అత్తయ్యకు దగ్గు వచ్చేది.

"ఇంకాసేపు ఆపుకోలేవా?" అనేవాడు మావయ్య.

"ఆపుకుంటే తుమ్ము వస్తంది. దగ్గు కావాలో తుమ్ము కావాలో చెప్పు."

స్వరం స్వరానికి చివర గాలి అయిపోయేదాకా ఆగి, ఆ తగ్గడాన్నంతా రికార్డు చేశాను. మెట్టు కింద గాలికి పలికే రీడు ఒక్కోటి ఒక్కో తీరులో చనిపోతుంది. కొన్ని చక్కగా సన్నబడతాయి. కొన్ని గరగరమని తెగుతాయి. ఏడో మాట తరువాత ఆయన పట్టే స్వరం చివర చిన్నగా వణికి, ఆగి, మళ్ళీ ఒక్క క్షణం పలికి, అప్పుడు పోతుంది. ఇన్నేళ్ళు కళ్ళు మూసుకుని విన్నదాన్ని అంత దగ్గరగా విన్నప్పుడు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి కాసేపు కూర్చున్నాను.

గుంటూరులో పని పూర్తి చేసి, కీబోర్డూ పెడలూ లాప్‌టాపూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. మొదటిసారి ఆయన మెట్టు నొక్కితే శబ్దమే రాలేదు. హార్మోనియం వాయించేవాళ్ళు మెట్టును కొట్టరు, దాని మీద వేలు పెడతారంతే. కీబోర్డేమో గట్టిగా కొడితేనే పెద్దగా పలికేలా తయారై వస్తుంది.

"ఇది చెవిటిదా అమ్మాయ్?"

"చెవిటిది కాదు మావయ్యా. గట్టిగా అరిస్తేనే వింటుంది. ఉండు, దానికి బుద్ధి చెబుతా."

ఎంత మెల్లగా నొక్కినా నిండుగానే పలకమని మార్చాను. వేళ్ళు మెట్ల మీద తిరగడం మొదలుపెట్టాయి. అత్తయ్య వంటింట్లోనుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. గదిలో మందిరం హార్మోనియం పలుకుతోంది, తిత్తి కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మావయ్య మాత్రం సగం కీర్తనకే ఆపాడు. పెడలు ఎంత తొక్కితే అంత పెద్దగా పలకమని నేను పెట్టాను. ఆయన ఒకచోట తొక్కి కాలు అలాగే ఉంచితే స్వరం తరగకుండా, పెరగకుండా ఎంతసేపైనా ఉండిపోతోంది.

"ఇదేందమ్మా, ఊపిరి తీసుకోట్లేదు?"

"గాలి ఎప్పటికీ అయిపోదు మావయ్యా ఇందులో."

"అయిపోనిది గాలెట్టా అవుద్ది? నేను గాలి కొట్టేచోటే కదా మీరందరూ పాటలో ఊపిరి తీసుకునేది. ఇది ఆగదు. జనం గుక్క తిప్పుకోలేక చస్తారు."

ఆ మాట నిజం. మా సంఘంలో ముసలమ్మలకు కీర్తనల్లో ఎక్కడ ఆగాలో తిత్తి చెప్పేది. అప్పటిదాకా నేను దాన్ని గమనించలేదు. మళ్ళీ గుంటూరు వచ్చి ఆ పద్ధతంతా తీసేసి కొత్తగా రాశాను. పెడలు ఎక్కడ ఉందన్నది కాక, అది కదిలితేనే గాలి వస్తుంది. తొక్కి వదిలిన కొద్దీ లోపల కనిపించని పెట్టె ఒకటి నిండుతుంది. మెట్టు పలుకుతున్నంతసేపు అది ఖాళీ అవుతుంటుంది. రెండు మెట్లు నొక్కితే ఇంకా తొందరగా ఖాళీ అవుతుంది. హార్మోనియంలో గాలి నిండా ఉన్నా సగమే ఉన్నా స్వరం ఒకేలా పలికి, చివర్లోనే తగ్గుతుంది కాబట్టి ఇక్కడా అలాగే పెట్టాను. ఆ తగ్గడం మేం రికార్డు చేసిన అసలు తగ్గడమే. పని చేస్తోందో లేదో నాకు తెలియడానికి తెర మీద ఒక ఆకుపచ్చ గీత గీశాను. లోపల ఎంత గాలి ఉంటే గీత అంత పొడుగు.

ఈసారి ఆయన మొదటి చరణంలోనే తల ఊపాడు. కాలు నెమ్మదిగా తొక్కుతోంది, వదులుతోంది. మిల్లులో ప్రెస్సు తొక్కిన కాలు కదా అంది అత్తయ్య. ఆమె పాడింది, నేను పాడాను, ఊపిరి తీసుకోవాల్సిన చోట ముగ్గురం ఒకేసారి తీసుకున్నాం. తరువాత ఆయన ఆ ఒక్క స్వరాన్నీ పట్టాడు. పెడలు నిండుగా తొక్కి కాలు తీసి కింద పెట్టాడు. స్వరం నడిచింది, సన్నబడింది, వణికింది, ఆగి మళ్ళీ పలికి, పోయింది. వేలు అప్పుడు లేచింది.

"ఇంకోసారి," అన్నాడు.

మళ్ళీ చేశాడు. అలా ఆ సాయంత్రం ఎన్నిసార్లు చేశాడో. ప్రతిసారీ సరిగ్గా వచ్చింది. ఆయన చెంపల మీద తడి ఉంది. నేను చూసీ చూడనట్టు వైర్లు చుట్టుకున్నాను. దేవుడు పోయినదాన్ని తిరిగి ఇచ్చాడని ఆ రాత్రి బస్సులో స్తుతించుకుంటూ వచ్చాను.

శుభ శుక్రవారం మందిరం నిండిపోయింది. మిరప కోతలకు వెళ్ళినవాళ్ళు కూడా ఆ రోజు మానేసి వచ్చారు. హార్మోనియం ఉండేచోట స్టాండు మీద కీబోర్డు పెట్టాం. లాప్‌టాపును పక్కన స్టూలు మీద, ఆయనకు కనిపించేలా ఉంచాను. నేను ఆయన పక్కన కింద కూర్చున్నాను. కీర్తనలు చక్కగా సాగాయి. ముసలమ్మలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు. రెండో మాటకీ మూడో మాటకీ నడుమ, మామూలు ఆదివారాల్లో కీబోర్డు వాయించే కుర్రవాడు నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. మూడింటికి కొంచెం ముందు ఏడో మాట మీద ప్రసంగం అయింది. పాస్టరు గారు ఆ మాటను మరోసారి చదివారు. అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం.

స్వరం మొదలైంది. ఆయన గాలి నింపుతున్నాడు, పెడలు కీచుమన్న చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. ఇంకోసారి కీచుమంది. కాసేపు ఊరుకుంది. ఇక కాలు తీసేశాడు, ఇప్పుడు సన్నబడుతుంది అనుకుంటుండగా మళ్ళీ కీచుమంది. స్వరం అదే ఎత్తులో నడుస్తూనే ఉంది. వెనక ఎవరో దగ్గారు. ఒక పసిపిల్ల ఏడిస్తే తల్లి నోరు మూసింది. నాలో కంగారు మొదలైంది. ఎక్కడో నేను తప్పు రాశాను, గాలి ఖాళీ కావడం ఆగిపోయింది అనుకున్నాను. కళ్ళు తెరిచి తెర మీద గీత చూస్తే క్షణంలో తెలిసిపోతుంది. కానీ ఆ స్వరం పలుకుతుండగా కళ్ళు తెరవడమన్నది పుట్టి బుద్ధెరిగాక నేను చేయలేదు. ప్రభువు ప్రాణం విడుస్తున్న సమయమది. తెరవలేకపోయాను. ప్రభువా, ప్రభువా అని లోపల అనుకుంటూ ఉండిపోయాను. ప్రతి రెండు మూడు ఊపిరులకు ఒకసారి ఆ పెడలు కీచుమంటూనే ఉంది.

చివరికి అది తడబడింది. రెండుసార్లు సగం సగం కదిలి ఆగిపోయింది. చాలాసేపటికి స్వరం సన్నబడింది, వణికింది, పోయింది. వేలు లేచిన చప్పుడు కీబోర్డు మీద ఉండదు. అందుకే ఎప్పుడు లేవాలో తెలియక జనం ఇంకా కాసేపు కూర్చున్నారు.

మామూలుగా ఆ రోజు ఎవరూ మాట్లాడరు. మందిరం గేటు దాటాక మాత్రం మా వీధి పెద్దమ్మ ఒకామె, నోటికి అడ్డూ అదుపూ లేని మనిషి, మావయ్య కర్ర ముందు ఆగింది. "ఏందయ్యా, ఈ ఏడు ఆయన్ని చావనియ్యకుండా అట్టా పట్టుకున్నావు?" అంది. కోపంగా అనలేదు. కళ్ళు ఒత్తుకుంటూనే అంది. వెనకాలే వచ్చిన సంఘపెద్ద ఒకాయన, "ఎంత సేపు నడిపించారండీ, ఇట్టాంటి ఆరాధన ఎప్పుడూ చూడలా" అని మావయ్య చెయ్యి పట్టుకున్నాడు. మావయ్య తల ఊపి నడిచాడు.

ఇంటికి వచ్చాక మంచం మీద కూర్చోబెట్టి చెప్పులు తీస్తుంటే ఆయన కుడి పిక్క కొయ్యలా బిగిసి ఉంది. అత్తయ్య కొబ్బరినూనె తెచ్చి రుద్దుతోంది.

"ఏమైంది మావయ్యా? కాలు ఎందుకు తియ్యలేదు?"

"ఎంత నిండిందో తెలవలేదమ్మా."

"గీత ఉంది కదా."

ఆయన నా వైపు అయోమయంగా చూశాడు. "కళ్ళు తెరుచుకుని ఆ మాట వినమంటావా?"

ఇంట్లో చేసిన ప్రతిసారీ ఆయన ఆ గీతను చూస్తూనే కాలు తీశాడు. ఆ సంగతి ఆయనా గమనించుకోలేదు, నేనూ గమనించలేదు. మందిరంలో ఆ సమయంలో కళ్ళు మూసుకుంటామని మా ఇద్దరికీ మా పేరు తెలిసినంతగా తెలుసు. అయినా అది మాకు తట్టలేదు.

"హార్మోనియం పెట్టె అయితే చేతికి చెబుద్ది," అన్నాడు, నెమ్మదిగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. "నిండేకొద్దీ తిత్తి అరచేతిని వెనక్కి నెడుద్ది. ఇంక చాలు, ఇంక పట్టదు అన్నట్టు. అప్పుడు తీస్తా. దీన్ని ఎంత తొక్కినా ఒకటే మాదిరి. లోపల ఉందో లేదో. కాలు తీశాక మధ్యలోనే ఆగిపోతే? ఆయన అప్పగించకముందే ఆగిపోయినట్టు ఉంటది. అందుకని ఇంకొంచెం, ఇంకొంచెం అని తొక్కుతానే ఉన్నా. ఆఖరికి కాలే చచ్చిపోయింది. నేను వదల్లేదు అమ్మాయ్. అదే పోయింది."

అత్తయ్య రుద్దడం ఆపింది. "పోన్లేవయ్యా. అందరూ బాగుందనే అన్నారు."

"వాళ్ళకు బాగుంది."

ఆ రోజు తరువాత నేను ఆ మాటల గురించి చాలా ఆలోచించాను. ప్రభువు ప్రాణాన్ని ఎవరూ తీసుకోలేదు, తానే ఇచ్చాడు అని చిన్నప్పటి నుంచి కంఠత పట్టినదాన్ని నేను. ఆదివారపు బడి పిల్లలకు అదే చెబుతాను. మావయ్య ఏటా చేసింది అదే. చేతిలో నిండుగా ఉందని తెలిసి, చెయ్యి తీయడం. నేను ఆయనకు గాలి ఇచ్చాను, అది పోయే తీరు ఇచ్చాను, ఒక్కో రీడు ఎలా తెగుతుందో కూడా ఇచ్చాను. నిండిందన్న కబురు మాత్రం ఇవ్వలేదు. మా సామగ్రిలో కబురు ఒకవైపే పోతుంది. కాలు చెప్పేది కంప్యూటరు వింటుంది. కంప్యూటరుకు తెలిసింది కాలికి రాదు. ఆ గీత కూడా కంటి కోసమే. ఆ రికార్డింగు రోజుల్లో స్వరం గురించి ఆయనను ఎన్నెన్నో అడిగాను. ఎక్కడ మొదలవ్వాలి, ఎంత సన్నబడాలి, ఎక్కడ వణకాలి. చెయ్యి సంగతి ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడు. పోయిన చెయ్యి గురించి అడగడం ఎందుకని అనుకున్నానేమో. అసలు అనుకోనే లేదేమో. ఇప్పుడు సరిగ్గా గుర్తు రావడం లేదు.

పెడలు కింద స్ప్రింగులు కట్టి చూశాను. లోపల గాలి లేనప్పుడూ స్ప్రింగు అంతే గట్టిగా నెడుతుంది, దానికేం తెలుసు. మా గది పక్కన కార్ల ఆటలు ఆడే కుర్రవాడి దగ్గర ఒక స్టీరింగు ఉంది. తెర మీద కారు రాళ్ళలోకి పోతే ఆ స్టీరింగు చేతిని వెనక్కి నెడుతుంది. లోపల మోటారు ఉంటుందట. నేనూ పట్టుకుని చూశాను. అలాంటి మోటారును పెడలుకు పెట్టిస్తే, లోపల గాలి నిండేకొద్దీ కాలిని నెట్టమంటే సరిపోతుంది. చేయగలిగేవాళ్ళను వెతికాను. వానాకాలంలో ఒకతను చేస్తానన్నాడు. ఆ మాట చెబుదామని ఊరికి వెళ్ళాను.

మావయ్య వాకిట్లో కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు.

"బాగుంటది అమ్మాయ్. చేయించు. వేరే ఎవరికన్నా పనికొస్తది."

"నీ కోసమే మావయ్యా."

"నాకు వద్దులే."

"ఈసారి కాలికి తెలుస్తుంది. నిజంగా తెలుస్తుంది."

"తెలుస్తదిలే. నువ్వు చేస్తే తెలుస్తది." కుడిచేత్తో మోకాలు నిమురుకున్నాడు. "ఆ రోజు అంతమంది కళ్ళు మూసుకుని నా కోసం కనిపెట్టుకుని ఉంటే నాకు భయం వేసింది. ఆయన గురించి కాదు, నా కాలు గురించి అనుకుంటా కూర్చున్నా. ఆ స్వరం పట్టుకుని నేను ఎప్పుడూ నా గురించి అనుకోలేదు. ఇంక ఎప్పుడు పట్టుకున్నా అదే గుర్తొస్తది. దానికి నువ్వు మోటారు పెట్టలేవుగా."

అత్తయ్య లోపలి నుంచి, "పిల్ల అంత కష్టపడుతుంటే కాదంటావేందయ్యా?" అని అరిచింది.

"కాదన్నానా? ఎవరికన్నా పనికొస్తదన్నా."

ఇంకొంచెం బతిమాలాల్సిందా అని ఇప్పటికీ అనిపిస్తుంది. బతిమాలితే నా మీద ఉన్న ప్రేమకొద్దీ ఒప్పుకునేవాడు. ఒప్పుకుని మళ్ళీ ఆ భయంతోనే కూర్చునేవాడు. ఎటు చూసినా నాకు ఓదార్పు దొరకలేదు. మోటారు చేస్తానన్నతనికి వద్దని చెప్పాను.

తరువాతి శుభ శుక్రవారానికి పాస్టరు గారు నన్ను పిలిచి, ఆ స్వరాన్ని నన్నే పట్టమన్నారు. నేను కాదన్నాను. కీబోర్డు కుర్రవాణ్ణి అడిగితే, "తాతగారు ఉండగా నేనా, నావల్ల కాదండీ" అన్నాడు. చివరికి ఏమీ వద్దు, మౌనంగా ఉందాం అనుకున్నారు.

ఆ రోజు మావయ్య మగవాళ్ళ వరసలో, గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఏడో మాట చదివారు. తలలు వంచాం. ఏ శబ్దమూ లేదు. అంత నిశ్శబ్దాన్ని ఏం చేయాలో మా వాళ్ళకు తెలియలేదు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. మొదలు లేదు, కాబట్టి ముగింపు ఎక్కడో తెలియలేదు. ఇక పాస్టరు గారే ఆమేన్ అన్నారు. ఆ రోజు మా మందిరంలో ఆ చోట ఆమేన్ అనడం అదే మొదటిసారి. జనం లేచారు. బయటకు వెళ్తూ మెల్లగా మాట్లాడుకోవడం కూడా మొదలుపెట్టారు.

నేను కళ్ళు తెరిచి ఆయన వైపు చూశాను. ఆయన ఇంకా తల వంచుకునే ఉన్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో వాలి ఉంది. దాని మీద కుడిచెయ్యి పెట్టి ఉంచాడు. వరస అంతా ఖాళీ అయింది. అత్తయ్య వచ్చి కర్ర పట్టుకుని పక్కన నిలబడింది, భుజం తట్టలేదు. కొంతసేపటికి ఆయనే కుడిచేతిని పైకి తీశాడు, కళ్ళు తెరిచాడు, కర్ర కోసం చెయ్యి చాపాడు.